వెనక వరసలు ఎందుకు ఖాళీ అయ్యాయి: సరిహద్దు పట్టణంలో ఒక నృత్యోత్సవం, ఒక సౌండ్ కేసు

నేపథ్యం

నేను ఒడిశాలోని బరంపురంలో ఉంటాను. గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లో జరిగే సభలకు, నాటకాలకు, నాట్య కార్యక్రమాలకు సౌండ్ చూస్తాను. ఈ కేసు ఆ జిల్లాల్లోని ఒక పట్టణానిది. ఊరి పేరు, సంస్థ పేరు, కళాకారుల పేర్లు రాయడం లేదు. ఎవరినీ గుర్తుపట్టకుండా ఒకటి రెండు వివరాలు మార్చాను. కొలతలు, తీసుకున్న నిర్ణయాలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాస్తున్నాను. నాలాగే ఈ పని చేసేవాళ్లకూ, ఉత్సవాలు నడిపే కమిటీలకూ ఇది ఉపయోగపడుతుందని నా నమ్మకం.

1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు పడే దాకా మా ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. ఇప్పటికీ ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, బజార్లో రెండూ మాట్లాడే కుటుంబాలు ఇక్కడ చాలా ఉన్నాయి. కోణార్క్‌లో ఏటా డిసెంబర్ 1 నుంచి 5 వరకు జరిగే నృత్యోత్సవం చూసొచ్చిన కొందరు పెద్దలు, మన ఊళ్లోనూ అలాంటిది ఉండాలని మొదలుపెట్టిన పండగ ఇది. చలికాలంలో మూడు సాయంత్రాలు జరుగుతుంది. ముందు గాత్రమో వీణో, తర్వాత ఒడిస్సీ, చివర కూచిపూడి. కమిటీలో తెలుగువాళ్లూ ఒడియావాళ్లూ ఇద్దరూ ఉన్నారు. డబ్బు తక్కువ, శ్రద్ధ ఎక్కువ.

వేదిక ఒక బడి మైదానంలో ఉన్న పాత సిమెంటు స్టేజి. కదపడానికి వీల్లేదు. స్టేజి అంచు నుంచి ఆఖరి కుర్చీల వరసకు 40 మీటర్లు. ఆ వరస వెనక 10 మీటర్ల దూరంలో, స్టేజికి సరిగ్గా ఎదురుగా, కిటికీలు లేని నున్నటి రెండంతస్తుల గోడ. ఈ గోడను గుర్తుపెట్టుకోండి.

వచ్చిన ఫిర్యాదు

కార్యదర్శి గారు ఫోన్ చేసి చెప్పింది ఇది: "బాబూ, ఒడిస్సీకి జనం కదలకుండా కూర్చుంటున్నారు. మన కూచిపూడి కలాపం మొదలై డైలాగులు వచ్చేసరికి వెనక సగం లేచిపోతోంది. వరసగా రెండేళ్లు ఇదే తంతు. పాపం, ఒడియావాళ్లకి తెలుగు మాటలు ఏం అర్థమవుతాయి చెప్పు? డైలాగులు తీసేద్దామంటే గురువు గారు ఒప్పుకోవట్లేదు. పోనీ పెద్ద బాక్సులు పెట్టించి చూద్దామా?"

గురువు గారు ఒప్పుకోకపోవడానికి గట్టి కారణమే ఉంది. పాత్రధారి స్వయంగా నోరు విప్పి మాట్లాడడం కలాపాలనే కూచిపూడి నృత్యనాటకాలకు ప్రాణం. సిద్ధేంద్ర యోగి పేరుతో వస్తున్న భామాకలాపంలో సత్యభామ గర్వం, అలక, విరహం అన్నీ చెలికత్తె మాధవితో ఆమె మాట్లాడే తీరులో ఉంటాయి. ఆ మాట తీసేస్తే అభినయం మిగులుతుంది, కలాపం మిగలదు. "డైలాగు వద్దంటే నేనే వద్దు" అని గురువు గారు తేల్చి చెప్పారట.

అంటే కమిటీ నా దగ్గరకు వచ్చేసరికే రోగం పేరు కూడా తెచ్చుకుంది: భాష. మందు కూడా తెచ్చుకుంది: మాటలు కోసేయడం, లేదా వాల్యూమ్ పెంచడం. మా పనిలో ఇది చాలా మామూలు. పిలిచినవాళ్లు చెప్పిన రోగాన్ని ఒక ఊహగా రాసుకుని, దాన్ని పరీక్షించాలి. ఒప్పుకోకూడదు, కొట్టిపారేయనూ కూడదు.

భాష అన్న మాట నాకు ఎందుకు కుదరలేదు

ముందుగా, గంజాంలో ప్రహ్లాద నాటకం ఉంది. పాట, పద్యం, డైలాగు, మద్దెల, మెట్ల సింహాసనం మీద రాజుగారి వీరంగం. తెల్లవార్లూ ఆడినా ఊళ్లు ఊళ్లే కూర్చుని చూస్తాయి. మాటలతో నడిచే నృత్యనాటకం ఈ జనానికి కొత్తది కాదు.

తర్వాత, లేచిపోతున్నది ఎవరు అని అడిగాను. కమిటీ కుర్రాళ్లు చెప్పిన వివరాలు చూస్తే, ముందు వరసల్లోని ఒడియా పెద్దలు చివరిదాకా ఉంటున్నారు. వెనక కూర్చున్న తెలుగు నేతగాళ్ల కుటుంబాలు, అంటే ఇంట్లో తెలుగు తప్ప మాట్లాడనివాళ్లు, వెళ్లిపోతున్నారు. భాషే కారణమైతే ఇది తలకిందులుగా ఉండాలి. జనం భాషను బట్టి కాకుండా కూర్చున్న చోటును బట్టి లేచిపోతున్నారు.

కిందటేడు వెనక నుంచి ఎవరో ఫోన్లో తీసిన వీడియోలు తెప్పించుకుని విన్నాను. మృదంగం వినిపిస్తోంది, తాళం గణగణమంటోంది, గాత్రంలో రాగం తెలుస్తోంది. మాట మాత్రం ముద్దగా ఉంది. నేను పుట్టుకతో తెలుగువాణ్ణి. నాకే ఒక్క వాక్యం పూర్తిగా అందలేదు. ఫోన్ మైకు మామూలుగానే మనిషి చెవికంటే గొంతును కొంచెం ఎక్కువ చెడగొడుతుంది కాబట్టి దాన్నే రుజువుగా తీసుకోలేదు. కానీ ఎక్కడ వెతకాలో తెలిసింది.

ఒడిస్సీ ఎందుకు నిలబడుతోందో కూడా దీంతో అర్థమైంది. అక్కడ పాట పక్కన కూర్చున్న గాయకుడి నోటికి దగ్గరగా ఉన్న మైకులోంచి వస్తుంది. సాహిత్యంలో ఒకే చరణం మళ్లీ మళ్లీ వస్తుంది. మర్దలం, వేణువు, వయొలిన్ నడిపిస్తాయి. సగం మాట పోయినా చూసేవాడికి దారి తప్పదు. కలాపంలో ఒక మాట ఒక్కసారే వస్తుంది. అది పోతే ఆ చమత్కారం పోయినట్టే.

గోడ, చప్పట్లు, ఆరు మాటలు

మొదటి రోజు మధ్యాహ్నం స్టేజి మధ్యలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టాను. తిరుగు చప్పుడు స్పష్టంగా వినిపించింది. లెక్క తేలికే. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. స్టేజి నుంచి గోడకు 50, తిరిగి 50, మొత్తం 100 మీటర్లు. సెకనులో మూడో వంతుకు కొంచెం తక్కువ. నాట్యం చేసే అమ్మాయికి దీనర్థం ఏమిటంటే, జతి కొట్టిన ప్రతి దెబ్బా ఇంకోసారి వచ్చి కాళ్ల కింద పడుతుంది. తాళం చెదురుతోందని పోయినేడు ఒడిస్సీ బృందం కూడా అందట. అది ఎవరూ పట్టించుకోలేదు.

ఆఖరి వరసలో లెక్క వేరు. అక్కడ కూర్చున్నవాళ్లకు నేరుగా వచ్చిన మాట దాటిపోయి, గోడకు తగిలి తిరిగి రావడానికి 20 మీటర్లు అదనం. అంటే సుమారు 58 మిల్లీసెకన్లు. తిరిగొచ్చే శబ్దం 50 మిల్లీసెకన్ల లోపు వస్తే చెవి దాన్ని అసలు మాటలోనే కలిపేసుకుంటుంది, మాటకు బలం కూడా వస్తుంది. దానికంటే ఆలస్యమై, బలంగా ఉంటే తర్వాతి అక్షరం మీద పడి దాన్ని చెరిపేస్తుంది. రాగం సాగే శబ్దం కాబట్టి పెద్దగా చెడదు. హల్లు క్షణంలో పుట్టి పోయేది కాబట్టి మొదట దెబ్బ తినేది అదే.

దీన్ని కమిటీకి నోటిమాటగా చెబితే ఒక అభిప్రాయం మీద ఇంకో అభిప్రాయం అవుతుంది. అందుకే ఒక పరీక్ష పెట్టాం. పాట, బాట, మాట, తోట, కోట, మూట. ఈ ఆరు మాటల్ని ముందు వెనకలు చేసి, కమిటీలోని ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారికీ, సౌండ్ మిక్సర్ నడిపే, తెలుగు ఒక్క ముక్క రాని ఒడియా కుర్రాడికీ చెరో కాగితం ఇచ్చాం. వాక్యాలు ఇవ్వకపోవడానికి కారణం ఉంది. వాక్యంలో ఒక మాట పోయినా మనసు పూరించుకుంటుంది, చెవి పని తెలియదు. మాస్టారిని ఆఖరి వరసలో, కుర్రాణ్ణి రెండో వరసలో కూర్చోబెట్టి మైకులో చదివించాం. ఒడియా కుర్రాడు ఆరూ సరిగ్గా తన లిపిలో రాశాడు. నలభై ఏళ్లు తెలుగు చెప్పిన మాస్టారు రెండు మాత్రమే పట్టుకున్నారు. మిగతావాటి దగ్గర మొదటి హల్లు తెలియక ముందు గీత పెట్టారు.

కార్యదర్శి గారు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు. డైలాగులు కోసే మాట ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు.

పని చేయనివి

కమిటీ అప్పటికే రెండు ఏర్పాట్లు చేసుకుంది. ఒకటి, ప్రతి అంశానికీ ముందు ఒడియాలో పొడుగాటి పరిచయం. మొదటి సాయంత్రం వెనక నిలబడి విన్నాను. ఒడియాలో చెబుతున్నది ఒడియావాళ్లకే అందడం లేదు. అదే మైకు, అవే బాక్సులు, అదే గోడ. పైగా పావుగంట పట్టడంతో జనం అసహనపడ్డారు.

రెండోది డీజే బాక్సులు. నిమజ్జనం ఊరేగింపులకు వాడే 18 అంగుళాల బాస్ బాక్సులు నాలుగు, వాటి మీద టాపులు (మాట, పాట వచ్చే పై బాక్సులు), స్టేజికి రెండు పక్కలా పేర్చి ఉన్నాయి. వాల్యూమ్ పెంచితే ఏమవుతుందో చూపించమన్నారు, చూపించాం. ముందు వరసలు చెవులు మూసుకున్నాయి, కాలర్ మైకులు కూత పెట్టాయి, వెనక మాట అలాగే ముద్దగా ఉంది. వాల్యూమ్ పెంచినప్పుడు గోడకు తగిలేదీ అంతే పెరుగుతుంది. అసలు మాటకూ తిరిగొచ్చే మాటకూ మధ్య నిష్పత్తి మారదు. చలికాలం రాత్రి ఇంకో ఇబ్బంది కూడా ఉంది. నేల చల్లబడి పైన గాలి వెచ్చగా ఉంటే శబ్దం కిందికి వంగి దూరం పోతుంది. మైదానంలో వినపడని మాట రెండు వీధుల అవతల ఇళ్లలో వినిపిస్తుంది, మర్నాడు ఫిర్యాదు వస్తుంది.

ఒకరు మంచి ఉద్దేశంతోనే ఇంకో సలహా ఇచ్చారు: డైలాగులు స్టూడియోలో రికార్డు చేసి, అమ్మాయిలు పెదవులు కదిపితే సరి. ఇది ఎందుకు వద్దన్నానో వివరంగా రాస్తాను, ఎందుకంటే ఈ సలహా ప్రతి ఊళ్లో వస్తుంది. రికార్డు వాడితే మైకు కూత, నగల చప్పుడు పోతాయి, నిజమే. కానీ ఆ రికార్డు బయటికి వచ్చేది ఆ బాక్సుల్లోంచే, కొట్టుకునేది ఆ గోడకే. అసలు జబ్బు అక్కడే ఉంటుంది. అందుకు బదులుగా పోయేది, సభను చూసి మాటను సాగదీసే, బిగించే స్వేచ్ఛ. మంచి సత్యభామ జనం నవ్వు ఆగేదాకా తర్వాతి మాట వదలదు. రికార్డుకు ఆ జ్ఞానం ఎక్కడిది?

మైకు విషయంలో నేను పెట్టించిన హెడ్‌సెట్ కూడా నిలబడలేదు. కాలర్ మైకు రొమ్ము మీద ఉంటే కాసులపేరు, హారాలు రాసుకుంటాయి, తల తిప్పినప్పుడు మాట పోతుంది. అందుకని చర్మం రంగులో ఉండే సన్నటి హెడ్‌సెట్ చెంపకు అంటించి రిహార్సల్ చేయించాం. తల ఎటు తిప్పినా నోటికీ మైకుకూ దూరం మారదన్నది దాని లాభం. కానీ జూకాలు, చెంపసరాలు మైకు కడ్డీని తడుతూనే ఉన్నాయి. కాసేపట్లో చెమట మైకు మూతిలోకి దిగి గొంతు మూసుకుపోయింది. నగలు తీయమనడం నా అధికారం కాదు. ఆహార్యం కూడా అభినయంలో భాగమే. మైకే నగలకు తగ్గట్టు సర్దుకోవాలి.

పని చేసినవి

నాటకాల వాళ్ల పద్ధతిలో కాలర్ మైకును నుదుటి పైన, జుట్టు మొదలయ్యే చోట పెట్టాం. పాపిడి బిళ్ల పక్కగా మైకు మూతి, తీగ పాపిటలోంచి జడలోకి, జడలోంచి వెనక నడుము దాకా, ట్రాన్స్‌మిటర్ వడ్డాణం కింద చిన్న గుడ్డ సంచిలో. బిళ్ల కదలకుండా దాని కింద మెడికల్ టేపు ముక్క. సత్యభామకు జడ ఎంత ముఖ్యమో తెలుసు కాబట్టి, జడ విసిరినప్పుడు తీగ లాక్కుపోకుండా మెడ దగ్గర కొంచెం వదులు ఉంచమని అలంకరణ చేసే ఆవిడే చెప్పారు. ఆ సలహా లేకపోతే మొదటి దరువులోనే తీగ ఊడేది. నా పనిలో ఇలాంటివాళ్లను ముందే కూర్చోబెట్టుకుని అడగడం సగం పని.

నుదుటి మైకు నోటికి కాస్త దూరం. చుట్టూ ఉన్న శబ్దమంతా లాగుతుంది కాబట్టి కూత పెట్టే ప్రమాదం ఎక్కువ. దానికి రెండు జాగ్రత్తలు. టాపుల్ని స్టేజి అంచుకంటే బాగా ముందుకు జరిపాం. ఇక మైకు ఆ పాత్ర మాట్లాడేటప్పుడే తెరవాలి, మిగతా సమయమంతా మూసి ఉంచాలి. ఇక్కడే చిక్కు వచ్చింది. మిక్సర్ దగ్గర ఉన్న కుర్రాడికి తెలుగు రాదు. ఎవరి మాట ఎప్పుడు వస్తుందో వాడికెలా తెలుస్తుంది? వేరే మనిషిని తేవచ్చు, కానీ ఆ మిక్సర్ మీద వాడి చేయి చాలా మంచిది. అందుకే మాస్టారిని వాడి పక్కన స్క్రిప్టుతో కూర్చోబెట్టాం. సత్యభామ మాటకు ముందు ఎడమ భుజం, మాధవి మాటకు ముందు కుడి భుజం తట్టాలి. మొదట్లో కంగారుపడ్డా, రిహార్సల్ సగమయ్యేసరికి "భాయినా, ఇక సార్ తట్టక ముందే నాకు తెలిసిపోతోంది, ఆవిడ ఊపిరి పీల్చుకుంటుంది కదా" అన్నాడు. అది నేను నేర్పగలిగింది కాదు.

గోడ సంగతికి వస్తే, ముందు టాపుల వాల్యూమ్ తగ్గించి, వాటి మూతి కిందికి వంచి సగం మైదానానికే పరిమితం చేశాం. స్టేజి నుంచి 22 మీటర్ల దగ్గర రెండు పక్కలా చిన్న బాక్సులు స్టాండ్ల మీద ఎత్తుగా పెట్టి, ఆఖరి వరసల మీదికే పడేలా వంచాం. వీటికి డిలే, అంటే శబ్దాన్ని కావాలనే కాస్త ఆలస్యంగా వదలడం, తప్పనిసరి. స్టేజి నుంచి శబ్దం అక్కడికి రావడానికి సుమారు 64 మిల్లీసెకన్లు పడుతుంది. దాని మీద మరో 12 కలిపి 76 పెట్టాం. ఆ 12 ఎందుకంటే, ముందొచ్చిన శబ్దం ఎటువైపు నుంచి వస్తే మాట అటునుంచే వస్తున్నట్టు చెవి అనుకుంటుంది. అప్పుడు మాట స్టాండు మీది బాక్సులోంచి కాకుండా సత్యభామ నోట్లోంచే వచ్చినట్టుంటుంది.

గోడకు టెంట్‌హౌస్ దగ్గరున్న మందపాటి జంపఖానాలు వెదురు కట్టి వేలాడదీశాం. గోడకు ఆనించకుండా జానెడు ఎడం ఉంచాం, లైట్లకు దూరంగా. గుడ్డ బాస్‌ను ఆపలేదు, ఆపుతుందని ఆశ కూడా లేదు. హల్లులు ఉండే పై శబ్దాలు తిరిగి రావడం తగ్గితే చాలు. బాస్ బాక్సుల్ని మాటలున్నంతసేపూ ఆపేసి, గొంతు మైకులన్నిట్లో 120 హెర్ట్జ్ కింద ఉండే బరువైన శబ్దాన్ని కోసేశాం. జతులు చెబుతూ కొట్టే నట్టువాంగం తాళాలకు వేరుగా ఉన్న మైకు తీసేశాం. అవి ఎలాగూ గాత్రం మైకులోకి వస్తాయి, వాటి పదును సరిగ్గా హల్లుల చోటే మాటను కప్పేస్తుంది. నర్తకి కోసం స్టేజి రెండు పక్కలా మానిటర్లు, అంటే ఆమెకే వినిపించే బాక్సులు, పెట్టి, మృదంగం, గాత్రం మాత్రమే ఇచ్చాం. దగ్గర శబ్దం స్పష్టంగా ఉంటే దూరపు తిరుగు చప్పుడు కాళ్లను తప్పించదు.

సౌండ్‌తో సంబంధం లేని నిర్ణయం ఒకటి. కలాపం ఎప్పుడూ చివర, రాత్రి తొమ్మిది దాటాక మొదలయ్యేది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్‌స్పీకర్ వాడకూడదు. సాంస్కృతిక, మత సందర్భాలకు ఏడాదికి 15 రోజులు మించకుండా అర్ధరాత్రి దాకా సడలించే వీలు రాష్ట్ర ప్రభుత్వానికి ఉన్నా, ఈ కమిటీకి ఆ అనుమతి లేదు. దాంతో గురువు గారు గడియారం చూసుకుంటూ మాటల్ని పరిగెత్తించేవారు. గోడ తిరగ్గొట్టే చోట వేగంగా మాట్లాడితే ఇంకేం మిగులుతుంది? సన్మానాల్ని మూడో రోజుకు కలిపేసి, ఒడియా పరిచయాన్ని నాలుగు వాక్యాలకు కుదించి, కలాపాన్ని ఏడున్నరకు తెచ్చాం. ఆ నాలుగు వాక్యాలు రాసింది కమిటీలోని ఒక ఒడియా టీచరు. కథ చెప్పకుండా, ఎవరు ఎవరి మీద ఎందుకు అలిగారో మాత్రమే రాశారు. నాకు బాగా నచ్చిన పని అది.

ఫలితం, దాన్ని ఎంత నమ్మాలి

రెండో సాయంత్రం కలాపానికి ముందు జనం కూర్చున్నాక అవే ఆరు మాటల్ని వరస మార్చి, మైక్ టెస్టింగ్ అన్నట్టు చదివించాం. మాస్టారు ఈసారి ఐదు పట్టుకున్నారు. కలాపంలో మాధవి ఎత్తిపొడుపు మాటకు వెనక వరసల్లో నవ్వు, ముందు వరసల నవ్వుతో కలిసే వచ్చింది. ఆఖరి వరసల్లో చాలామంది చివరిదాకా ఉన్నారు, తెలుగువాళ్లూ ఒడియావాళ్లూ.

అయితే ఇదంతా సౌండ్ వల్లే అనడానికి నేను తొందరపడలేదు. సమయం కూడా మార్చాం, పరిచయం కూడా మార్చాం. ఏడున్నరకు ఎవరైనా కూర్చుంటారు కదా అనవచ్చు. దీనికి జవాబు మైదానం ఎడమ వెనక మూల ఇచ్చింది. అక్కడ డీజిల్ జనరేటర్ ఉంది. దాని రొద మాటను మింగేస్తోంది. ఆ మూల జనం కూడా అదే ఏడున్నరకు, అదే పరిచయం విని, అదే కలాపం చూశారు. వాళ్లు మాత్రం మునుపటిలాగే సగంలో లేచారు. పక్కనే పది కుర్చీల అవతల జనం కదల్లేదు. సమయం, పరిచయం సాయం చేశాయనడంలో సందేహం లేదు, కానీ మనిషిని కుర్చీలో ఉంచింది మాట అందడమేనని నాకు అక్కడ నమ్మకం కుదిరింది.

తెలుగు రాని ప్రేక్షకుడికి మాట అందితే ఏం లాభమని కార్యదర్శి గారు అడిగారు. నేను చూసింది చెప్పాను. మాట విడివిడిగా వినిపిస్తే, అర్థం తెలియకపోయినా, అది ప్రశ్నో దెప్పుడో బతిమాలడమో గొంతు చెబుతుంది, అభినయం దాన్ని పూరిస్తుంది. ముద్దగా వినిపించిన మాట అభినయానికి అడ్డు పడుతుంది తప్ప తోడు రాదు. సంస్కృతంలో ఉన్న అష్టపదిని ఒడిస్సీలో మన తెలుగువాళ్లు చూసి ఆనందించేది ఈ దారిలోనే కదా.

ఈ కేసు తర్వాత నేను ఏ మైదానానికి వెళ్లినా బాక్సుల లెక్క అడిగే ముందు రెండు పనులు చేస్తున్నాను: స్టేజి మీద చప్పట్లు కొట్టడం, ఎవరు లేచిపోతున్నారని కాకుండా ఎక్కడి నుంచి లేచిపోతున్నారని అడగడం. కుర్చీల పటం గీసి ఖాళీ అయిన చోట్లు పెన్సిల్‌తో నింపమని కమిటీ కుర్రాళ్లకు ఇస్తే చాలు, ఖర్చు లేదు.

మిగిలిపోయింది జనరేటర్. దాన్ని గోడ ఉన్న భవనం అవతలికి మార్చమన్నాం. తీగ పొడవు పెరిగితే వోల్టేజీ పడిపోతుందని, లావు కేబుల్ కావాలని ఎలక్ట్రీషియన్ అన్నాడు. అతని మాట నిజమే, ఆ ఖర్చు ఈ ఏడాది బడ్జెట్‌లో లేదు. వచ్చే ఏటికి లావు కేబుల్‌నూ, జంపఖానాలనూ, డిలే బాక్సుల్నీ టెంట్‌హౌస్ ఒప్పందంలోనే రాయించారు. బాస్ బాక్సులు నాలుగు అన్నచోట రెండు అని దిద్ది, మిగిలిన అద్దెను కేబుల్ వైపు మళ్లించారు.